ఎండ ఒక్కటే చాలదు: ఏటి నీటిలో ఇనుము చేసే పని

సబ్బుపొడిలో, షాంపూలో, కాగితపు మిల్లులో, మందుల తయారీలో విరివిగా వాడే రసాయనం ఒకటుంది. పేరు ఈడీటీఏ. నీటిలోని లోహాలను గట్టిగా పట్టుకుని, అవి పనికి అడ్డు రాకుండా చూడటం దాని ఉద్యోగం. ఆ పని అయిపోయాక మురుగుతో పాటు శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని దాదాపు ముట్టుకోవు. వచ్చింది వచ్చినట్టే ఏటిలో కలుస్తుంది. స్విట్జర్లాండులో జ్యూరిక్ పక్కగా పారి రైన్ నదిలో కలిసే గ్లాట్ అనే చిన్న నదిలో 1990లలో పరిశోధకులు ఈడీటీఏ జాడ తీస్తూ వెళ్లారు. సూక్ష్మజీవులకు లొంగనిది ఎండకు లొంగుతోందని తేలింది. అయితే అంతా కాదు, అందులో ఒక భాగం మాత్రమే.

ఆ తేడా ఎక్కడుందన్నదే అసలు కథ. శుద్ధమైన ఈడీటీఏను నీళ్లలో కలిపి మండుటెండలో పెట్టినా ఏమీ కాదు. నికెల్‌ను పట్టుకున్న ఈడీటీఏ కూడా అంతే. కాల్షియం, జింకు పట్టుకున్నవీ చెక్కుచెదరవు. ఫెర్రిక్ రూపంలో, అంటే తుప్పులో ఉండే రూపంలో, ఉన్న ఇనుమును పట్టుకున్నది మాత్రం వేసవి మధ్యాహ్నం నీటి పైపొరలో గంటల్లోపే ముక్కలవుతుంది. ఫాస్ఫేటును తీసివేయడానికి ఇనుప లవణాలు కలిపే శుద్ధి కేంద్రాల నుంచి ఈడీటీఏలో గణనీయమైన భాగం ఇనుముతో జట్టుకట్టే బయటికి వస్తుంది. ఏ లోహం పక్కన నిలబడిందనే దాన్ని బట్టి ఒకే రసాయనానికి ఒక చోట గంటల ఆయుష్షు, మరో చోట సముద్రం దాకా ప్రయాణం.

పారే నీటికి దోషం లేదని, నాలుగు రోజులు ఎండ తగిలితే ఎంతటి మురుగైనా దానంతటదే విరుగుతుందని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం చాలా షరతులతో కూడుకున్నది, వాటిలో ఎక్కువ భాగం ఇనుము పెట్టే షరతులే.

ఎండ పడినంత మాత్రాన ఏ పదార్థమూ మారదు. ఆ కాంతిని అది పీల్చుకోవాలి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలలో బాగా తీక్షణమైనవాటిని, అంటే సుమారు 290 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని, ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. చాలా కాలుష్య రసాయనాలు పీల్చుకోగలిగేది సరిగ్గా ఆ రాని కిరణాలనే. అందుకే అవి ఎండలో నిబ్బరంగా ఉంటాయి. ఫెర్రిక్ ఇనుము తీరు వేరు. తుప్పుకు ఆ ఎర్రటి గోధుమ రంగు ఎందుకుందంటే, ఎండలోని నీలం, ఊదా కాంతిని, దానికి ఆనుకుని ఉన్న అతినీలలోహితాన్ని అది మింగేస్తుంది కాబట్టి. నీటిలో కరిగి ఏదైనా కర్బన ఆమ్లంతో జతకట్టినప్పుడూ ఈ గుణం పోదు. కాంతి తగలగానే ఆ జతలో ఒక ఎలక్ట్రాన్ చోటు మారుతుంది. ఇనుమును పట్టుకున్న అణువు నుంచి అది ఇనుము మీదికి దూకుతుంది. మూడు ధనావేశాల ఫెర్రిక్ ఇనుము రెండు ధనావేశాల ఫెర్రస్ అవుతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువు నిలదొక్కుకోలేక కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి విరిగిపోతుంది. లోహాన్ని బంధించడానికి తయారుచేసిన ఈడీటీఏ ఆ బంధం వల్లే విరుగుతోందన్న మాట.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఇనుప సిట్రేటు, ఫెర్రిసయనైడ్ పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి నీలిరంగు బొమ్మలు తీశాడు. కాంతి సోకిన చోట ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి కరగని నీలిరంగుగా కాగితానికి అంటుకుంటుంది. గీత అడ్డుపడిన చోట తెల్లగా మిగులుతుంది. భవనాలకు, వంతెనలకు ఇంజనీర్లు దశాబ్దాల పాటు వాడిన బ్లూప్రింట్లు ఇవే. ఆ కాగితం మీద సిట్రేటు చేసిన పనినే ఏటిలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చిన ఆమ్లాలు చేస్తాయి. కాకపోతే అక్కడ నీలిరంగు కనిపించదు, అందుకే మనకు పట్టదు.

ఇంతవరకే అయితే ఇనుము తనను పట్టుకున్నవాటినే విరగ్గొట్టగలదు. పురుగుమందులు, అద్దకపు రంగులు, మందుల అవశేషాలు అన్నీ ఇనుమును పట్టుకోవు. వాటి దాకా ఈ ప్రభావం వెళ్లేది రెండో అంకంలో. ఎండ తగిలే ఏ నీటిలోనైనా హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుంది. నీటిలో కరిగిన గోధుమరంగు కర్బన పదార్థం కాంతిని పీల్చుకుని ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్‌కు అందిస్తే, ఆ ఆక్సిజన్ చివరికి పెరాక్సైడ్‌గా మారుతుంది. అప్పుడే పుట్టిన ఫెర్రస్ ఇనుముకు ఇది ఎదురుపడితే రెండూ చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్కను విడుదల చేస్తాయి. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, జత లేని ఒక ఎలక్ట్రాన్. దొరికిన ఏ కర్బన అణువు నుంచైనా హైడ్రోజన్‌ను లాగేసుకునే ఆకలి దానిది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఇలాంటి బలమైన ఆక్సీకరణ జరుగుతుందని 1894లో హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. అందులో హైడ్రాక్సిల్ పాత్ర ఉందని 1934లో ఫ్రిట్జ్ హేబర్, జోసెఫ్ వైస్ ప్రతిపాదించారు. ఎరువుల అమ్మోనియాతో పేరు, విషవాయువుతో అపకీర్తి మూటగట్టుకున్న హేబరే ఇతను.

ఈ చర్యలో ఫెర్రస్ ఇనుము మళ్లీ ఫెర్రిక్ అవుతుంది. ఎండ దాన్ని తిరిగి ఫెర్రస్ చేస్తుంది. కవ్వానికి చుట్టిన తాడును ఒక కొసన ఎండ, మరో కొసన ఆక్సిజన్, పెరాక్సైడ్ మార్చి మార్చి లాగుతున్నట్టుంటుంది వ్యవహారం. కవ్వం అరగదు, చిలికిన పెరుగే మారుతుంది. కాబట్టి లీటరు నీటిలో మిల్లీగ్రాములో చిన్న వంతు ఇనుమున్నా పగలంతా పని సాగుతుంది. రాత్రి ఒక కొస వదిలేసినట్టే.

ఇక్కడిదాకా చదివి నది తనను తాను కడుక్కుంటుందని నిశ్చింతగా ఉండాలనుకునేవారు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఎండలో ఉన్న మంచినీటి పైపొరలో హైడ్రాక్సిల్ గాఢతను లీటరుకు 10⁻¹⁶ మోల్ అనుకుందాం. సహజ జలాల్లో ఉండే స్థాయి అటూ ఇటూగా ఇదే. అంటే ఏ క్షణంలో చూసినా లీటరుకు సుమారు 6 కోట్ల రాడికళ్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ అదే లీటరులో నీటి అణువులు 3 పక్కన 25 సున్నాలు. సగటు పురుగుమందు అణువు హైడ్రాక్సిల్‌తో కలిసే వేగాన్ని తీసుకుని గుణిస్తే, అందులో సగం విరగడానికి ఆగకుండా 16 రోజుల మధ్యాహ్నపు ఎండ కావాలి. రోజుకు 8 గంటల గట్టి ఎండ అనుకుంటే 48 రోజులు. అది కూడా నీటి ఉపరితలం మీదనే. బురద నీటిలోకి, రంగు నీటిలోకి అతినీలలోహిత కిరణాలు జానెడు లోతు దిగడమే కష్టం. వరద గోదావరి ఎర్రటి నీటిలో అంగుళాల్లోనే ఆగిపోతాయి.

రాడికళ్లు ఇంత తక్కువగా ఉండటానికి కారణం అవి పుట్టకపోవడం కాదు, పుట్టగానే దారి తప్పడం. పురుగుమందు అణువు ఒకటుంటే, దాని చుట్టూ కుళ్లిన ఆకుల నుంచి, మట్టి నుంచి వచ్చిన మామూలు కర్బన అణువులు ఎన్నో రెట్లు ఉంటాయి. నీటిలోని బైకార్బొనేటు కూడా కాచుకుని ఉంటుంది. రాడికల్‌కు మంచి చెడు తేడా తెలియదు, దగ్గరున్నదాన్ని కొడుతుంది. పెరాక్సైడ్‌ను పుట్టించి సాయపడిన ఆ కర్బన పదార్థమే ఇక్కడ అడ్డుపుల్ల వేస్తుంది. పైగా మామూలు నదుల్లో హైడ్రాక్సిల్ అంతా ఇనుము పుణ్యం అనుకోవడానికి లేదు. ఎండలో నైట్రేటు నుంచి, కర్బన పదార్థం నుంచి కూడా అది పుడుతుంది. ఇనుము వాటా ఎంతన్నది నీటిని బట్టి మారుతుంది.

ఆ వాటాను తేల్చేవి ముఖ్యంగా రెండు: ఒకటి పీహెచ్, అంటే నీటి ఆమ్లత కొలత (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ). రెండోది ఇనుముకు దొరికే తోడు, అంటే దానితో జతకట్టే కర్బన ఆమ్లం. ఆమ్లం లేని, ఆక్సిజన్ దండిగా ఉన్న నీటిలో ఫెర్రిక్ ఇనుము కరిగి ఉండదు, తుప్పులా అడుగుకు దిగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఫెర్రస్ ఇనుము ఆక్సిజన్‌తో కలిసే వేగం సుమారు 100 రెట్లవుతుంది. అంటే తటస్థ నీటిలో తాడును ఆక్సిజనే గట్టిగా లాగేస్తుంది. ఆమ్ల నీటిలో ఎండదే పైచేయి. అమెరికాలో కొలరాడో కొండల్లో, లెడ్‌విల్ దగ్గర సెయింట్ కెవిన్ గల్చ్ అనే వాగు ఉంది. పాత గనుల ఆమ్లపు నీరు దానిలో పారుతుంది. పగటి ఎండ పెరిగేకొద్దీ ఆ వాగులో ఫెర్రస్ ఇనుము పెరగడం, పొద్దు వాలాక తగ్గడం గమనించి అమెరికా భూగర్భ సర్వే పరిశోధకులు 1988లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వాగు నీటిలో ఇనుము కొలత తెల్లవారుజామున ఒకటి, మిట్టమధ్యాహ్నం ఇంకొకటి. నీటి నమూనా ఏ వేళ తీశారో రాయకుండా ఫలితం ప్రకటించే అలవాటు మన దగ్గరా ఉంది, ఈ వాగు సంగతి తెలిస్తే అది ఎంత పొరపాటో అర్థమవుతుంది.

ఆమ్లం, తోడు రెండూ సమృద్ధిగా ఉండే చోటు ఏరు కాదు, మేఘం. మేఘంలోని నీటిబొట్టు తరచు ఆమ్లంగానే ఉంటుంది. గాలిలోని ధూళి నుంచి ఇనుము వస్తుంది. పొగ నుంచి, మొక్కలు వదిలే ఆవిరుల నుంచి ఆక్సాలిక్ ఆమ్లం చేరుతుంది. చుక్కకూరకు పులుపునిచ్చేవాటిలో ఒకటైన ఆమ్లమే ఇది. ఇనుము, ఆక్సలేటు జంట కాంతికి ఎంత నమ్మకంగా స్పందిస్తుందంటే, కాంతి మోతాదును కొలవడానికే ప్రయోగశాలల్లో 1950ల నుంచి దాన్ని వాడుతున్నారు. పీల్చుకున్న ప్రతి ఫోటాన్‌కూ, అంటే కాంతి రేణువుకూ, ఒకటికి పైచిలుకు ఫెర్రస్ అయాన్లు పుడతాయి. గ్లాట్ నది ఒడ్డునే, డ్యూబెండార్ఫ్ ఊళ్లో ఉన్న ఇయావాగ్ అనే స్విస్ జల పరిశోధన సంస్థలో 1990ల తొలినాళ్లలో ఈ జంట మీద పని జరిగింది. ఎండలో ఆక్సలేటు నిమిషాల్లో విరిగి, బొట్టులో పెరాక్సైడ్ పుట్టిస్తుందని తేలింది. ఈ పెరాక్సైడే గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను గంధకామ్లంగా మార్చి వానతో పాటు కిందికి దించుతుంది. గాలి శుభ్రపడిందనాలా, వాన పాడైందనాలా? రెండూ నిజమే.

సముద్రం మీద ఈ కథకు మరో మలుపు ఉంది. సహారా ధూళి అట్లాంటిక్ మీదికి కొట్టుకొచ్చి ఉప్పు తుంపరలతో కలిసినప్పుడు ఇనుముకు తోడుగా క్లోరైడ్ దొరుకుతుంది. ఎండ తగిలితే క్లోరిన్ పరమాణువు ఊడిపడుతుంది. అది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును కొరికేస్తుంది. విరిగిన మీథేన్ చివరికి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కరీబియన్ దీవి బార్బడోస్‌లో గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌లో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు లెక్కకు అందకుండా ఉండటానికి కారణం ఇదేనని 2023లో ఒక అంతర్జాతీయ బృందం వాదించింది. అప్పటికే కొందరు ఒక అడుగు ముందుకేసి, ఓడల నుంచి ఇనుప ధూళి చల్లి మీథేన్‌ను తగ్గిద్దామంటున్నారు. నాకు ఇది తొందరపాటుగా కనిపిస్తుంది. క్లోరిన్ ఓజోన్‌ను కూడా తింటుంది. గాలిలో మీథేన్‌ను విరగ్గొట్టే హైడ్రాక్సిల్‌కు మూలం ఓజోనే. క్లోరిన్ చాలినంత పుట్టకపోతే మీథేన్ తగ్గకపోగా పెరిగే అవకాశముందని కంప్యూటర్ నమూనాలు చూపిస్తున్నాయి.

ఈ రసాయనాన్ని మనుషులు తమ చేతికింద వాడుకున్న తీరు చూడాలంటే బంగ్లాదేశ్ వెళ్లాలి. అక్కడి బోరునీటిలో సహజంగానే ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంది, ఇనుమూ ఉంది. ఇయావాగ్ పరిశోధకులే 2001లో ఒక పద్ధతి ప్రకటించారు. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీరు పట్టి, 4 నుంచి 8 చుక్కల నిమ్మరసం వేసి, 2, 3 గంటలు ఎండలో పెట్టాలి. నిమ్మరసంలోని సిట్రేటు ఇనుమును పట్టుకుంటుంది, ఎండ ఆ జంటను విరగ్గొడుతుంది. ఆ హడావుడిలో పుట్టిన రాడికళ్లు నీటి నుంచి తీయడం కష్టమైన రూపంలో ఉన్న ఆర్సెనిక్‌ను తీయడం తేలికైన రూపంలోకి మారుస్తాయి. సిట్రేటు విరిగిపోగానే ఇనుము కరిగి ఉండలేక తుప్పు తునకలుగా పేరుకుని, ఆర్సెనిక్‌ను తనతో పాటు అడుగుకు దింపుతుంది. పైన తేరుకున్న నీటిని వంచుకోవాలి. బట్టల మీద తుప్పు మరకకు నిమ్మచెక్క రుద్ది ఎండలో ఆరేసేవారికి దీని మొదటి సగం పరిచయమే.

అయితే మోతాదు ముఖ్యం. నిమ్మరసం ఎక్కువైతే సిట్రేటు పూర్తిగా విరగదు, ఇనుము అడుగుకు దిగదు, రాడికళ్లను కూడా సిట్రేటే తినేస్తుంది. ప్రయోగశాలలో 80 నుంచి 90 శాతం ఆర్సెనిక్ పోయింది. బంగ్లాదేశ్‌లో మొదటి క్షేత్ర పరీక్షల్లో 45 నుంచి 78 శాతం. ఆ 78 శాతమే తీసుకుందాం. లీటరుకు 500 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీటిలో ఇంకా 110 మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 10, బంగ్లాదేశ్ పరిమితి 50. కొద్దిపాటి ఆర్సెనిక్ ఉన్న నీటికి పనికొచ్చే పద్ధతిని అన్ని బావులకూ మందుగా చెప్పలేం.

ఇంకో సంగతి. ఈడీటీఏ విరిగింది, ఆర్సెనిక్ విరగలేదు. లోహాలూ ఆర్సెనిక్ వంటి మూలకాలూ ఏ ఎండకూ నశించవు. రూపం మారతాయి, చోటు మారతాయి. సీసా అడుగున చేరిన ఆ తుప్పు బురదలో ఆర్సెనిక్ మొత్తం ఉంది. దాన్ని పెరట్లో ఒంపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

విరగడం కూడా ఎప్పుడూ మేలే చేస్తుందని లేదు. బంగారు గనుల వ్యర్థజలాల్లో సయనైడ్‌లో కొంత భాగం ఇనుముతో గట్టిగా బంధించబడి ఉంటుంది. ఈ ఫెర్రోసయనైడ్ పెద్దగా విషం కాదు, ఉప్పు గడ్డకట్టకుండా ఆహార పరిశ్రమలోనూ వాడతారు. చీకట్లో అది అలాగే పడి ఉంటుంది. ఎండ తగిలితే మాత్రం సయనైడ్ విడివడుతుంది, ఆ సయనైడ్ చేపలను చంపేస్తుంది. ఇంతవరకూ చూసిన అదే ఇనుము, అదే కాంతి. బంధం విప్పినప్పుడు లోపలి నుంచి ఏది బయటపడుతుందన్న దాని మీద ఫలితం ఆధారపడి ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు మందుల పరిశ్రమలకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడ సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలం అప్పట్లో చేరిన ఒక శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే ఇది ఎక్కువ. తెలంగాణలో ఎండకు కరువు లేదు కదా, మరి అది ఎందుకు విరగలేదని ఎవరైనా అడగవచ్చు.

సిప్రోఫ్లాక్సాసిన్ నిజానికి ఎండకు లొంగే రకమే. తేటగా, లోతు లేకుండా ఉన్న నీటిలో కొన్ని గంటల ఎండకే సగం విరుగుతుంది. అందుకు ఇనుము తోడు కూడా అవసరం లేదు, కాంతిని నేరుగా పీల్చుకుంటుంది. కానీ పరిశ్రమల వ్యర్థజలం తేటగా ఉండదు. అందులోని రంగు, ఉప్పు, కర్బన భారం కాంతిని పైపొరలోనే మింగేస్తాయి, పుట్టిన రాడికళ్లను తినేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు బురదనూ లోహాలనూ అంటిపెట్టుకునే గుణం మరీ ఎక్కువ. ఐరన్ మాత్రలతో కలిపి ఈ మందు వేసుకోవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. వాగులో అది బురదకు అతుక్కుని అడుగుకు చేరుతుంది. అక్కడ రాత్రీ పగలూ ఒకటే. విరిగినా మొదట ఊడేది అణువు అంచునున్న వలయం. బాక్టీరియాను చంపే నడిమి భాగం కొంతకాలం నిలిచే ఉంటుంది, కొన్ని ముక్కలకు ఆ శక్తి ఎంతో కొంత మిగులుతుంది. కొలిచే పరికరం సిప్రోఫ్లాక్సాసిన్ తగ్గిందని చెబుతుంది. బాక్టీరియాకు మాత్రం మందు ఇంకా తగులుతూనే ఉంటుంది, ఆ మందుకు అలవాటు పడే అవకాశమూ దొరుకుతూనే ఉంటుంది.

ఎండను పద్ధతిగా వాడుకుంటున్న చోట్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో శాంటా ఆనా నది నీటిని శుభ్రం చేసే ప్రాడో చిత్తడి నేలల్లో కొన్ని మడులను కావాలనే లోతు తక్కువగా, మొక్కలు మొలవకుండా అడుగున గుడ్డ పరిచి కట్టారు. నీటి మీద నీడ పడకూడదన్నదే ఉద్దేశం. నీటి లోతు 20 నుంచి 30 సెంటీమీటర్లు. మందుల అవశేషాలు కొన్ని ఎండకు, మరికొన్ని అడుగున పేరుకున్న నాచు పొరలోని సూక్ష్మజీవులకు లొంగుతాయి. మన ఊళ్లకు ఇది పనికొస్తుందా అంటే లెక్క కట్టి చూడాలి. రోజుకు కోటి లీటర్ల నీటిని 30 సెంటీమీటర్ల లోతున 3 రోజులు నిలపాలంటే లక్ష చదరపు మీటర్ల జాగా కావాలి, అంటే దాదాపు 25 ఎకరాలు. శుద్ధి అయిన పట్టణపు మురుగుకు, ఊరి బయట ప్రభుత్వ భూమి ఉన్న చోట, ఇది ఆలోచించదగ్గ ఖర్చే. నల్లగా, చిక్కగా వచ్చే ఫ్యాక్టరీ నీటికి 250 ఎకరాలిచ్చినా ఉపయోగం లేదు. దాన్ని గేటు లోపలే, ఇతర మురుగుతో కలవక ముందే శుద్ధి చేయాలి.